192 స్పీకర్లు, మైక్ సెట్ వాళ్ళమ్మాయి

“మ్యూజిక్‌లో మాస్టర్స్” అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న “వోకలా, వీణా?” అని. రెండూ కాదంటే “అయితే కీబోర్డా?” అంటారు. అదీ కాదంటే ఇంక నన్నడగడం మానేసి మా అమ్మవైపు జాలిగా చూస్తారు. ఈమధ్య ఇన్‌స్టాలో ఇంజినీరింగ్ పిల్లలు కూడా మెసేజ్‌లు పెడుతున్నారు. ఎలక్ట్రానిక్ మ్యూజిక్, సౌండ్ డిజైన్‌లో పీజీ అంటే ఏం చెప్తారక్కా, ఎబుల్టన్ (కంప్యూటర్లో మ్యూజిక్ చేసే సాఫ్ట్‌వేర్) నేర్పిస్తారా, అంత ఖర్చు పెట్టి వెళ్ళొచ్చా అని. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు ఎబుల్టన్ సంగతి తేల్చేస్తా. నేర్పించరు. కనీసం నేను చదివిన చోట నేర్పించలేదు. ఏదో ఒక సాఫ్ట్‌వేర్ మీకు చేతనయ్యే వచ్చారని అనుకుంటారు. యూట్యూబ్‌లో ఫ్రీగా దొరికేదాని కోసం అంత దూరం వెళ్ళక్కర్లేదు, నిజం చెప్పాలంటే.

మాది తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊరు. నాన్నకి మైక్ సెట్ వ్యాపారం. అహూజా ఆంప్లిఫయర్లు, హారన్లు, తర్వాత్తర్వాత పెద్ద బాక్సులు, ఒక జనరేటరు. పెళ్ళిళ్ళు, అమ్మవారి సంబరాలు, ఎలక్షన్లు. నేను భీమవరంలో ఈసీఈ చేసి, క్యాంపస్‌లో వచ్చిన ఐటీ ఉద్యోగం వదిలేసి హైదరాబాద్‌లో ఒక పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోలో ఎఫెక్ట్స్ ఎడిటింగ్‌లో చేరాను. ఫైట్ సీన్లో ఒక గుద్దుంటే కింద బరువుగా ఒక దెబ్బ, మధ్యలో తోలు మీద చరిచిన చప్పుడు, దానికి ముందు గాలి కోసుకెళ్ళే స్వూష్. కొట్టేది హీరో అయితే ఇంకో లేయరు. లైబ్రరీలో వెతకడం, ట్రాక్‌లో పెట్టడం, “ఇంకా కావాలి” అంటే లెవెల్ పెంచడం. ఎలాగూ పైన ఆర్‌ఆర్, అదే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్, వచ్చి పడ్డాక సగం వినపడదు. పని బాగానే పట్టుబడింది. కాకపోతే నేను పెట్టే ప్రతి చప్పుడూ ఎప్పుడో ఎవరో చేసి ఉంచిందే. మొదటి నుంచి నేనే పుట్టించి చూడాలని పురుగు తొలిచింది.

వెళ్ళింది నెదర్లాండ్స్‌కి, హేగ్ రాయల్ కన్సర్వేటరీలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోనాలజీకి. మాస్టర్స్ రెండేళ్ళు. ఏడాది కోర్సు కూడా ఒకటుంది. ఈ చోటు నన్ను లాగడానికి దాని వెనక కథ ఒక కారణం. 1950ల్లో ఐంధోవెన్‌లో ఫిలిప్స్ కంపెనీ రీసెర్చ్ ల్యాబులో, మన ఇళ్ళల్లో రేడియోలూ ట్యూబ్‌లైట్లూ అమ్మిన ఆ ఫిలిప్సే, ఆసిలేటర్లతో (కరెంటుతో స్వరం పుట్టించే పరికరాలు), టేపు ముక్కలతో సంగీతం చేసేవాళ్ళు. 1958లో బ్రస్సెల్స్ వరల్డ్ ఫెయిర్‌లో ఆ కంపెనీ ఒక పెవిలియన్ కట్టించింది. మన చండీగఢ్ గీసిన ల కోర్బూజియేకే పని అప్పగిస్తే, ఆయన దగ్గర పనిచేసే జెనాకిస్ డిజైన్లో చాలా భాగం చూసుకున్నాడు. లోపల గోడల నిండా వందల స్పీకర్లు, వాటిలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పరిగెత్తే ఎనిమిది నిమిషాల సంగీతం. చేసింది ఎడ్గార్ వరేజ్ అనే కంపోజర్. ఫెయిర్ అయిపోయింది, మరుసటి ఏడాది ఆ కట్టడాన్ని కూల్చేశారు. ల్యాబులో స్టూడియో సామాను మాత్రం 1960లో యూట్రెక్ట్ యూనివర్సిటీకి చేరింది. 1964లో కొలోన్ రేడియో స్టూడియో నుంచి గాట్‌ఫ్రీడ్ మైకేల్ కోనిగ్ వచ్చి దాన్ని నడిపించాడు. 1986లో మొత్తం హేగ్‌కి మారింది. ఇప్పుడుండేది 2021లో తెరిచిన అమారే అనే కొత్త భవనంలో.

ఆ యూట్రెక్ట్ కాలం నాటి అనలాగ్ స్టూడియో ఇంకా పనిచేస్తోంది. బీఈఏ 5 అంటారు. గోడంత రాక్‌లు, ఆసిలేటర్లు, ఫిల్టర్లు, వాటిని కలిపే కేబుళ్ళు. కీబోర్డు లేదు. స-రి-గ-మ నొక్కడానికి ఏమీ లేదు. ఒక ఆసిలేటర్ వోల్టేజ్ తీసి ఇంకోదాని పిచ్‌కి ఇస్తే అది ఊగుతుంది. ఊపు వేగం సెకనుకి ఇరవై దాటిందంటే ఇంక ఊపులా వినపడదు, గొంతు మారిపోయి ఇత్తడి గంటలాగానో తుప్పు పట్టిన గేటులాగానో ఏదో కొత్త రంగు పుడుతుంది. ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ అని పుస్తకంలో చదివిందే. కానీ నాబ్ తిప్పుతుంటే ఏ క్షణంలో ఊపు రంగుగా మారిందో చెవికి తెలియడం వేరే సంగతి. ఇంకో మాట, అక్కడ సేవ్ బటన్ లేదు. కేబుళ్ళు పీకేస్తే పోయినట్టే. అందుకని నోటుబుక్కులో బొమ్మ గీసుకోవాలి. రేపు వచ్చి అదే బొమ్మ ప్రకారం కలిపినా అదే సౌండ్ రాదు. మొదట్లో చిరాకొచ్చేది, తర్వాత దానికోసమే వెళ్ళేదాన్ని.

బీటెక్‌లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి ఈ కోర్సులో ఒక లాభం ఉంది. మిగతావాళ్ళు ఫోరియర్ (సౌండ్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) అంటే టెన్షన్ పడతారు, మనం పడం. అయితే మనం చదివింది పరీక్షలో డెరివేషన్ రాయడానికి. అక్కడ దాన్ని వినాలి. నేను ఇంటి దగ్గర పెళ్ళిలో తీసిన సన్నాయి-డోలు రికార్డింగ్ ఒకటి పట్టుకెళ్ళాను. దాన్ని పదింతలు సాగదీయాలి, శ్రుతి మారకూడదు. సాఫ్ట్‌వేర్ సౌండ్‌ని చిన్న చిన్న కిటికీలుగా కోసి ఒక్కో కిటికీలో ఏ ఫ్రీక్వెన్సీలున్నాయో లెక్క కడుతుంది. సెకనుకి 48,000 శాంపిళ్ళ (అంటే సౌండ్ కొలతల) రికార్డింగ్‌లో 1024 శాంపిళ్ళ కిటికీ అంటే 21 మిల్లీసెకన్లు. అప్పుడు ఫ్రీక్వెన్సీ గీతల మధ్య ఎడం దాదాపు 47 హెర్ట్జ్, సన్నాయి గమకం అంత ఎడంలో పట్టు తప్పి గరగరలాడుతుంది. సరే అని 8192కి పెంచితే ఎడం 6 హెర్ట్జ్‌కి తగ్గి సన్నాయి తేనెలా సాగింది, డోలు దెబ్బ మాత్రం 170 మిల్లీసెకన్ల కిటికీ అంతటా పులుముకుపోయింది. దెబ్బ పడకముందే దాని నీడ వినపడుతుంది! రెండూ ఒకేసారి బాగా రావు. ఇది సాఫ్ట్‌వేర్ లోపం అనుకునేరు, కాదు, గణితంలోనే ఉంది. చివరికి డోలుకి గ్రాన్యులర్ పద్ధతి వాడాను. 40 మిల్లీసెకన్ల గింజలుగా కోసి, దెబ్బ పడే గింజని ముట్టుకోకుండా దాని తర్వాతి గుమ్మనే మోతని మాత్రం చల్లుకుంటూ పోవడం. మన డోలుకి ఆ మోతలోనే ప్రాణం ఉంటుంది కదా.

సెమినార్ల గురించి చెప్పాలి. వారం వారం ఎవరో ఒకరు తమ పని వినిపిస్తారు, మిగతావాళ్ళు ప్రశ్నలేస్తారు. “బాగుంది” అనే మాట అక్కడ వినపడదు. ఒకసారి యూరప్ బయటి స్టూడియోల మీద మాట్లాడుతూ 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టిన కథ వచ్చింది. అమెరికన్ కంపోజర్ డేవిడ్ ట్యూడర్ వచ్చి పెట్టి వెళ్ళాడు. గీతా సారాభాయ్ లాంటివాళ్ళు 1972 దాకా అందులో పనిచేశారు. ఆ టేపులు ఆర్కైవ్‌లో పడి ఉంటే బ్రిటిష్ ఆర్టిస్ట్ పాల్ పర్గస్ వెలికితీశాడు, 2023లో రికార్డుగా వచ్చాయి. క్లాసంతా నావైపు తిరిగింది, ఇండియా అమ్మాయిని కదా నాకు తెలిసి ఉంటుందని. అహ్మదాబాద్ మాకు హేగ్ అంత దూరమే అని చెప్పి నవ్వేశాను. కానీ రాత్రి రూముకెళ్ళి ఆ టేపులు విన్నాను. ఒక దేశంలో అంత తొందరగా మొదలైన పని అంత తొందరగా ఎలా ఆగిపోతుందని ఒళ్ళు మండింది.

ఇక నా ఫైనల్ ప్రాజెక్టు. ఈ పోస్టు రాయడంలో నాకసలు ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త సాగదీస్తా, ఓపిక పట్టండి.

హేగ్‌లో 192 స్పీకర్ల వేవ్ ఫీల్డ్ సింథసిస్ సిస్టమ్ ఒకటుంది. చతురస్రంగా నాలుగు వైపులా వరుసగా పేర్చిన చిన్న స్పీకర్లు, మధ్యలో జనం. ఇంటర్ ఫిజిక్స్‌లో హైగెన్స్ సూత్రం బట్టీ పట్టాం గుర్తుందా? తరంగం ముందు అంచు మీద ప్రతి బిందువూ కొత్త తరంగాలకు పుట్టిల్లు అని. ఆ హైగెన్స్ పుట్టింది ఈ హేగ్‌లోనే, 1629లో. పక్క ఊరు డెల్ఫ్ట్‌లోని టెక్నికల్ యూనివర్సిటీలో 1988లో బెర్క్‌హౌట్ అనే ప్రొఫెసర్ అదే సూత్రాన్ని స్పీకర్లకు అన్వయించాడు. ఒక్కో స్పీకర్‌కి ఒక్కో రకం ఆలస్యం, ఒక్కో లెవెల్ లెక్కకట్టి ఇస్తే అన్నిటి తరంగాలు కలిసి, గోడ అవతల ఎక్కడో ఉన్న ఒక బిందువు నుంచి సౌండ్ వస్తున్నట్టే హాల్లోకి వస్తాయి. స్టీరియోలో మధ్యలో కూర్చున్నవాడికే భోగం. ఇక్కడ ఎక్కడ నిలబడ్డా ఆ బిందువు అక్కడే ఉంటుంది. దగ్గరగా పెట్టిన సౌండ్ మనం నడిచేకొద్దీ పక్కకి జరుగుతుంది. దూరంగా పెట్టినది చందమామలా మనతో పాటే వస్తుంది. పరిమితులూ ఉన్నాయి. స్పీకర్ల మధ్య 17 సెంటీమీటర్ల ఎడం ఉంటే సుమారు 1000 హెర్ట్జ్ దాటాక లెక్క చెదరడం మొదలవుతుంది.

మొదటిసారి అందులో నిలబడ్డప్పుడే నాకు తట్టింది ధనుర్మాసం. మా ఊళ్ళో తెల్లవారుజామున రామాలయం మైకు, శివాలయం మైకు, కాలవ అవతలి ఊరి గుడి మైకు, ఆదివారమైతే చర్చి. అన్నీ హారన్లే. సౌండ్ కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది కాబట్టి ఒకే తిరుప్పావై క్యాసెట్టు రెండు గుళ్ళలో ఒకేసారి మొదలైనా మా డాబా మీదకి వేర్వేరు టైముల్లో చేరుతుంది. మంచు పట్టిన రోజు ఒకలా, గాలి తిరిగిన రోజు ఒకలా. ఈ సిస్టమ్ చేసేదీ, మా ఊరు డిసెంబరులో చేసేదీ ఒకటే పని.

ఇంకేముంది, ఊరి రికార్డింగులు తెప్పించి, తిరుప్పావైని అటూ ఇటూ పెట్టి, ఒక డ్రాఫ్టు వినిపించాను. అందరూ కళ్ళు మూసుకుని విన్నారు. మా గైడు ఒకే ప్రశ్న అడిగారు: “ఆ పాట తీసేస్తే నీ పీస్‌లో ఏం మిగులుతుంది?” ఆ సాయంత్రమంతా ఆయన మీద కోపంగానే ఉన్నా. ఆయనకేం తెలుసు ధనుర్మాసం అని. కానీ ఆయన అడిగింది ధనుర్మాసం గురించి కాదని ట్రామ్‌లో వస్తుంటే అర్థమైంది. ఇండియా, గుడి, తెల్లవారుజాము, సంస్కృతమో తమిళమో ఒక పాట. ఇవి పెడితే అక్కడి శ్రోత సగం పని తనే చేసుకుంటాడు. నేను చేసింది వాల్యూమ్ ఎక్కడెక్కడ పెట్టాలో చూడటమే. హైదరాబాద్ స్టూడియోలో లైబ్రరీ తెరిచి చేసిన పనే!

పాట తీసేశాను. హారన్ మాత్రం కావాలి. పాటని హారన్ ఏం చేస్తుందో అది కావాలి. దానికి ఒక పద్ధతుంది. కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైకి జారే ఒక స్వీప్‌ని ఆ స్పీకర్లో వాయించి, రికార్డు చేసి, లెక్క తిరగేస్తే ఆ హారన్ స్వభావం, చుట్టుపక్కల గోడల ప్రతిధ్వనితో సహా ఒక చిన్న ఫైలుగా వస్తుంది. ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. తర్వాత ఏ సౌండ్‌నైనా దాంతో కలిపితే ఆ హారన్లోంచి వచ్చినట్టే ఉంటుంది. నాన్నకి ఫోన్ చేశా. 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా జారే ఫైలు పంపుతున్నా, వాయించండి అన్నా.

“అంత కింద నుంచి పంపితే యూనిట్ కొట్టేస్తుందమ్మా. హారన్‌కి బేస్ ఇవ్వకూడదు. డయాఫ్రం పోద్ది” అన్నారు.

ఆయన అన్నది అక్షరాలా కరెక్టు. హారన్ సైజుకి తగిన ఫ్రీక్వెన్సీ కంటే కిందికెళితే లోపలి గాలి డయాఫ్రంకి (ఊగి చప్పుడు పుట్టించే పల్చటి పొర) ఎదురు నిలవదు, అది అదుపు లేకుండా ఊగి చిరిగిపోతుంది. పుస్తకంలో రెండు పేజీల సమీకరణాలతో ఉన్న విషయం. నాన్న యూనిట్లు కాల్చుకుని తెలుసుకున్నారు. 200 నుంచి మొదలయ్యేలా ఫైలు మార్చి పంపాను. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే కంప్రెస్ చేసి పాడుచేస్తుంది, డాక్యుమెంటుగా పంపాలి. ఈ ముక్క మా తమ్ముడికి అర్థమయ్యేసరికి నాకు గొంతు పోయింది.

చప్పుడు లేని వేళ రాత్రి చేద్దామా అంటే నాన్న ఒప్పుకోలేదు. 2000 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, వ్యాపారంలో ఉన్నవాడు ఆ పని చెయ్యకూడదు అని. (తెల్లవారుజామున మోగే మైకుల సంగతి నన్నడక్కండి.) అందుకని మధ్యాహ్నం రెండింటికి, ఊరు భోంచేసి నడుం వాల్చే వేళ, వరి కోసేసిన చేలో కర్ర పాతి హారన్ కట్టారు. తమ్ముడు రికార్డర్ పట్టుకుని ముందు ఎదురుగా, తర్వాత పక్క నుంచి, ఆ తర్వాత కాలవ గట్టు మీద నుంచి. ఫోన్ నుంచి ఆంప్లిఫయర్‌కి వైరు, ఇరవై సెకన్ల స్వీప్, మళ్ళీ మళ్ళీ. వీడియో కాల్‌లో చూస్తున్నా. కుక్కలన్నీ ఒక్క గొంతుతో అందుకున్నాయి. పక్క చేను మావయ్య వచ్చి “ఏంట్రా, సైరనా? వరద గాని వస్తోందా?” అని అడిగాడు. నాన్న ఏమాత్రం తొణక్కుండా “అమ్మాయి పరీక్షండీ” అన్నారు.

ఫైళ్ళు వచ్చాక చూస్తే ఆ హారన్ దాటనిచ్చేది చాలా ఇరుకైన ముక్క. కింద అయిదొందల దగ్గర మొదలై పైన నాలుగైదు వేలు దాటాక గోడ కట్టినట్టు ఆగిపోతుంది. మధ్యలో మూడు చోట్ల ముక్కు పట్టుకున్నట్టు లేస్తుంది. ఆ మూడు లేపులే మనం “గుడి మైకు” అని గుర్తుపట్టే గొంతు. నా పీస్ వాటి చుట్టూనే కట్టాను. ఆసిలేటర్ల నుంచి పుట్టిన నిలకడ స్వరాలు, అంతే. వాటిని ఆ ఇంపల్స్ రెస్పాన్సుల్లోంచి పంపి, హాలు గోడల అవతల వేర్వేరు దూరాల్లో ఉన్నట్టు పెట్టాను. స్వరం నెమ్మదిగా జారుతూ ఒక్కో లేపు దగ్గరికి రాగానే ఎక్కడో దూరాన ఒక హారన్ ఉన్నట్టుండి లేచి నిలబడుతుంది, దాటగానే మాయమవుతుంది. ఒకటే స్వరం, వేర్వేరు ఆలస్యాలతో. పాట లేదు, ఊరు పేరు లేదు. ప్రదర్శన నోటులో కూడా ఇండియా అని రాయలేదు. అయిపోయాక ఒక డచ్ పెద్దావిడ వచ్చి తనకి చిన్నప్పుడు పొగమంచులో ఓడరేవు సైరన్లు గుర్తొచ్చాయని చెప్పింది. నాన్నకి హెడ్‌ఫోన్స్‌లో వినే వెర్షన్ పంపిస్తే, “ఆ హారన్ యూనిట్ గొంతు బొంగురుపోయింది, మార్చాలి” అన్నారు. రికార్డింగులో నిజంగానే ఆ హారన్ డిస్టార్షన్ ఉంది, నేను కావాలని ఉంచాను.

మిగతావి టకటకా చెప్పేస్తా. హేగ్‌లో రూము దొరకడం అడ్మిషన్ కన్నా కష్టం, సీటు రాగానే వెతకడం మొదలుపెట్టండి. యూరప్ బయటివాళ్ళకి ఫీజు చాలా ఎక్కువ, ఏటా మారుతుంది, వాళ్ళ వెబ్‌సైట్లో చూసుకోండి. పార్ట్ టైమ్ వారానికి 16 గంటలే, లేదంటే జూన్-జులై-ఆగస్టుల్లో ఫుల్ టైమ్, దానికీ యజమాని పర్మిట్ తీసుకోవాలి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది పర్మిట్ ఇస్తారు. నేను ఇప్పుడు దాని మీదే ఉన్నాను, ఒక డాన్స్ కంపెనీకి సౌండ్ చేస్తూ. తిండికి ఢోకా లేదు. ఒకప్పటి డచ్ వలస దేశం సూరినామ్ నుంచి వచ్చిన హిందుస్తానీలు (మన దేశం మూలాలున్నవాళ్ళు) ఆ ఊళ్ళో చాలామంది, హాగ్సె మార్కెట్‌కి వెళితే మునక్కాయలూ బెండకాయలూ అన్నీ దొరుకుతాయి.

అంత ఖర్చు పెట్టి వెళ్ళొచ్చా అని అడిగితే, నా మాట ఇది. మీకు తెలుగు సినిమాకి సౌండ్ చెయ్యాలని ఉంటే ఈ చదువుకి వెళ్ళకండి. హైదరాబాద్‌లో ఒక మంచి మిక్సింగ్ ఇంజినీర్ దగ్గర అసిస్టెంటుగా కూర్చోండి, లేదా పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ అనే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్లలో సౌండ్ కోర్సులకి ప్రయత్నించండి. అక్కడ సినిమా నేర్పుతారు. సోనాలజీ లాంటి చోట సినిమా ఎవరికీ పట్టదు. ఎవరూ అడగని, ఎవరూ డబ్బివ్వని పని రెండేళ్ళు చేసుకోవడానికి రూములూ స్పీకర్లూ ఇస్తారు, ఎందుకు చేశావని వదలకుండా అడుగుతారు. ఆ ప్రశ్నకి మీ దగ్గర అప్పుడే ఏదో కాస్త జవాబుంటే వెళ్ళండి. అప్పు చేసి వెళ్ళేటట్టయితే మాత్రం రెండుసార్లు ఆలోచించండి, ఈ లైన్లో ఈఎంఐలు కట్టేంత జీతాలు వెంటనే రావు.

పోర్ట్‌ఫోలియోకి ఏం పంపాలని కూడా అడిగారు. నేను సినిమా పని ఒక్కటే పంపాను, అదీ చిన్నది. మిగతావన్నీ ఇంట్లో చేసుకున్నవి. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడింది మా జనరేటర్ స్టార్టయ్యే చప్పుడుతో చేసిన మూడు నిమిషాల ముక్క గురించి. మిడీ కీబోర్డు కొనాలా అన్నవాళ్ళు ఆ డబ్బుతో ఒక రికార్డరూ, గాలి చప్పుడు పడకుండా దానికి బొచ్చు టోపీ ఒకటీ కొనుక్కోండి.

హారన్ ఇంపల్స్ రెస్పాన్సులు కావాలని ఇద్దరు ముగ్గురు అడిగారు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మూడు దూరాల్లో ఉన్నాయి, కుక్కల గోల చాలావరకు తీసేశాను. అడిగితే వాట్సాప్‌లో పంపిస్తా. డాక్యుమెంటుగానే.